వెట్టి లేని జిల్లాలో మొగులప్ప

ఆ జిల్లాలో వెట్టిచాకిరి లేదు. ఈ సంగతి జిల్లా సరిహద్దులో, రోడ్డు పక్కన, పచ్చరంగు బోర్డు మీద తెల్లటి అక్షరాలతో రాసి ఉంటుంది: "వెట్టి రహిత జిల్లాకు స్వాగతం." పాతికేళ్ళ కిందట ఒక మంచి రోజు చూసి అధికారులు వెట్టిని నిర్మూలించారు. ఉదయం పది గంటలకు సభ మొదలైంది. మధ్యాహ్నం భోజనాల వేళకు వెట్టి పోయింది. అంత తొందరగా పని ముగించినందుకు రాజధాని నుంచి వెండి షీల్డు కూడా వచ్చింది. అది ఇప్పటికీ వెట్టి విముక్తి పర్యవేక్షణ కార్యాలయంలో, గాజు బీరువాలో భద్రంగా ఉంది.

ఆ బోర్డుకు మూడు కిలోమీటర్ల దూరంలో, శరణప్ప పటేలు నాపరాళ్ళ గనిలో, మొగులప్ప ఇరవై రెండేళ్ళు వెట్టి చేశాడు. అతనికి చదువు రాదు కాబట్టి బోర్డు మీద ఏం రాసి ఉందో తెలియలేదు. తెలిసి ఉంటే అంత పెద్ద తప్పు చేసి ఉండేవాడు కాడు.

మొగులప్ప తాత ఏదో కరువు ఏడాది పటేలు తండ్రి దగ్గర రెండు బస్తాల జొన్నలు తెచ్చుకున్నాడు. ఆ జొన్నలకు తాత బతికినన్నాళ్ళూ బండలు మోశాడు, తర్వాత తండ్రి మోశాడు, తండ్రి పోయాక మొగులప్ప మోశాడు. గని చుట్టూ ముళ్ళకంచె, కంచెకు ఒక గేటు, గేటు దగ్గర లాలప్ప అనే కాపలావాడు. "యాడికి? ఎప్పుడొస్తవ్?" అని అడగడం లాలప్ప ఉద్యోగం. మొగులప్ప ఎక్కడికీ పోయేవాడు కాదు కాబట్టి ఆ ఉద్యోగంలో పెద్దగా శ్రమ ఉండేది కాదు.

గనిలో పనికిరాదని పడేసిన ముక్కబండలు ఏరుకుని, పొద్దు కుంగాక మిగిలిన వెలుతురులో, పదేళ్ళు పట్టి మొగులప్ప గని ఒడ్డున ఒక ఇల్లు కట్టుకున్నాడు. గోడలు బండలే, కప్పు బండలే, ముందు కూర్చునే అరుగూ బండే. దీపం పెట్టుకోవడానికి గోడలో ఒక గూడు కావాలని భార్య సుక్కమ్మ అడిగితే, ఆ గూడు వంకర లేకుండా కుదరడానికి ఒక ఎండాకాలం మొత్తం పట్టింది. లోకంలో మొగులప్ప తనదని చెప్పుకోగలిగింది ఆ ఇల్లు ఒక్కటే. దానికి తాళం ఉండేది కాదు. దొంగలు వచ్చినా ఎత్తుకుపోవడానికి బండలు తప్ప ఏమీ లేవు.

ఒకనాడు తెల్లవారుతుండగా, పక్క ఊళ్ళో చెల్లెలి దగ్గర ఉంటున్న తల్లి చనిపోయిందని కబురొచ్చింది. ఆ సమయానికి పటేలు ఊళ్ళో లేడు, లాలప్ప గేటు దగ్గర లేడు. మొగులప్ప ఎవరినీ అడగకుండా వెళ్ళి తల్లికి మట్టి వేసి వచ్చాడు. వచ్చేసరికి ఇంటి తలుపుకు అరచేతి వెడల్పున ఇత్తడి తాళం వేలాడుతోంది. సుక్కమ్మ బయట విసుర్రాయి పక్కన కూర్చుని ఉంది.

"చెప్పకుంట పోయెటోనికి ఇల్లెందుకు?" అన్నాడు పటేలు. ఆయన కోపంగా కూడా అనలేదు. "ఆ ఇంటి కింద మంచి బండ ఉంది. ఇల్లు పీకేసి తీసుకుంట."

అలా మొగులప్ప వెట్టి నుంచి బయటపడ్డాడు.

పట్నంలో పేదల కేసులు వాదించే నూర్జహాన్ అనే వకీలు ఉందని ఎవరో చెప్తే ఆమె దగ్గరికి వెళ్ళారు. ఆమె కేసు వేసింది. మేజిస్ట్రేటు గారు చట్టం తిరగేసి చూశారు. వెట్టి నుంచి విముక్తుడైన మనిషిని అతను ఉంటున్న ఇంట్లోంచి వెళ్ళగొట్టకూడదని అందులో స్పష్టంగా రాసి ఉంది.

"చట్టం నీ వైపే ఉంది," అన్నారు మేజిస్ట్రేటు. "కాని నువ్వు వెట్టి చేశావని నాకు తెలియాలి కదా. కార్యాలయం నుంచి విముక్తి పత్రం తెచ్చుకో. ఏడాది గడువిస్తున్నాను. అప్పటిదాకా ఇల్లు పీకకూడదు. గడువులోగా పత్రం రాకపోతే మాత్రం ఇల్లు పటేలుది."

ఏడాదిలో ఒక కాగితం తేలేమా అనుకుని మొగులప్ప సంతోషంగా కార్యాలయానికి బయలుదేరాడు. ఇరవై రెండేళ్ళు గేటు దాటని మనిషికి కార్యాలయాల సంగతి ఎలా తెలుస్తుంది?

ఆ కార్యాలయానికి సూపరింటెండెంటు కమలాకరం గారు. జిల్లాలో వెట్టి లేకపోవడం వల్ల ఆయనకు తీరిక ఎక్కువ. తీరిక ఉన్న మనిషికి కవిత్వం వస్తుంది. బదిలీ మీద వెళ్ళే అధికారులకూ, రిటైరయ్యే గుమాస్తాలకూ ఆయన సన్మాన పత్రాలు రాసేవారు. అప్పటికి నూట పద్నాలుగు రాశారు. వాటి నకళ్ళు చట్రాలు కట్టించి గోడల నిండా తగిలించారు. అవతలి గదిలోకి తలుపు ఉన్న సంగతి కొత్తవాళ్ళకు ఎవరైనా చెప్తే తప్ప తెలిసేది కాదు.

"ఈ జిల్లాలో వెట్టి కార్మికులు లేరు," అన్నారు కమలాకరం గారు షీల్డు వైపు చెయ్యి చూపించి.

"నేనున్న గద సారూ," అన్నాడు మొగులప్ప.

"మీరు ఉన్నారు. దానిని కార్యాలయం కాదనడం లేదు. కాని వెట్టి కార్మికులుగా లేరు. వెట్టి కార్మికుల జాబితా పాతికేళ్ళ కిందట సమగ్రంగా ముగింపబడినది. అందులో పేరున్నవారు విముక్తి పొందినారు. పేరు లేనివారు విముక్తి పొందవలసిన అవసరం లేనివారు."

"నేను గనిల పడింది ఆ జాబితా మూసిన రెండేండ్లకు సారూ."

"అది మీ జాప్యం. రెండేళ్ళు ముందు వచ్చి ఉంటే నేనే స్వయంగా విముక్తి చేసి ఉండేవాడిని."

మొగులప్పకు నిజంగానే తన వైపే ఏదో పొరపాటు జరిగినట్టు అనిపించింది. ఉండబట్టలేక మళ్ళీ అడిగాడు. "మరి మా నాయిన అప్పుడు అదే గనిల ఉండె. ఆయన పేరుందా సారూ?"

కమలాకరం గారు జాబితా తెప్పించి ఓపికగా చూశారు. లేదు. "అంటే మీ తండ్రిగారు కూడా స్వేచ్ఛాజీవులే."

"ఆయన బండ మీద పడి సచ్చిపోయిండు సారూ. అదే గనిల."

"స్వేచ్ఛాజీవిగా మరణించినారు," అన్నారు కమలాకరం గారు గొంతు తగ్గించి. "కుటుంబ సభ్యులు గర్వించవలసిన విషయం."

అయినా పౌరుడి దరఖాస్తును తిరస్కరించే అలవాటు ఆ కార్యాలయానికి లేదు. తిరస్కరిస్తే కారణం రాయాలి. కాబట్టి కమలాకరం గారు జతపరచవలసిన పత్రాలు చెప్పారు. వెట్టిలో చేరినప్పుడు యజమాని ఇచ్చిన నియామక పత్రం. ఇరవై రెండేళ్ళ సెలవుల రిజిస్టరు నకలు. ఇతను నా వద్ద వెట్టి చేసినాడు, ఇతనిని విముక్తి చేయుటకు నాకు అభ్యంతరం లేదు అని యజమాని సంతకం చేసిన నిరభ్యంతర పత్రం.

మొగులప్ప ఆ మాటలన్నీ మరచిపోకుండా వల్లించుకుంటూ వచ్చి సుక్కమ్మకు చెప్పాడు. ఆమె మొగులప్ప చెల్లెలి ఇంటి వసారాలో పొయ్యి రాజేస్తోంది. అప్పటికి వాళ్ళ కాపురం ఆ వసారాలోనే.

"సెలవుల కాయితమా?" అంది సుక్కమ్మ. "ఒక్క దినం సెలవు దీస్కుంటేనే గద ఇల్లు బోయింది."

నిరభ్యంతర పత్రం కోసం మొగులప్ప పటేలు దగ్గరికి వెళ్ళాడు. పటేలు మర్యాదస్తుడు. కూర్చోమన్నాడు. నేల మీదే అనుకోండి.

"నా కాడ వెట్టి ఏందిరా మొగులప్పా? నువ్వు మా ఇంటి మనిషివి. వెట్టి జేపిచ్చుకుంటే జైల్ల ఏస్తరు. నేనే గద ఆ ఆఫీసు కమిటీకి చైర్మన్ను. నాకు తెల్వదా?"

ఇది నిజం. వెట్టి లేకుండా కనిపెట్టి ఉండడానికి ఆ కార్యాలయానికి ఒక కమిటీ ఉంది. కమిటీకి చైర్మన్‌గా జిల్లాలో ఎక్కువమంది కూలీలతో పరిచయం ఉన్న పెద్దమనిషిని వెయ్యాలని నియమం. ఆ లెక్కన పటేలును మించినవాళ్ళు లేరు.

పటేలు చెప్పిన మాటను కార్యాలయం ఫైలులో రాసుకుంది: దరఖాస్తుదారుడు యజమాని కుటుంబ సభ్యుడు. కుటుంబ సభ్యులు ఇంట్లో చేసే పని వెట్టి కిందకు రాదు.

"ఇంటి మనిషైతే ఇంటికి తాళమెందుకేసిండు?" అని అడిగి రమ్మంది సుక్కమ్మ. మొగులప్ప అడిగాడు. కుటుంబ తగాదాల్లో కార్యాలయం జోక్యం చేసుకోదని జవాబు వచ్చింది.

నూర్జహాన్ ఊరుకోలేదు. ఘాటుగా ఒక నోటీసు పంపింది. దాంతో కార్యాలయం కదిలి, క్షేత్ర పరిశీలన జరపాలని నిర్ణయించింది. వెట్టి అనేది జరుగుతున్నప్పుడు అధికారి కంటితో చూడాలి. అయిపోయిన వెట్టిని చూడడం కుదరదు. అందుచేత మొగులప్ప మళ్ళీ గనిలోకి వెళ్ళి, ఒక పూట వెట్టి చేసి చూపించవలసిందని తాఖీదు పంపారు. ఉదయం పదిన్నర నుంచి ఒంటిగంట వరకు.

ఆ రోజు కమలాకరం గారు, ఇద్దరు గుమాస్తాలు, ఒక గొడుగుతో జీపులో వచ్చారు. మొగులప్ప బండలు మోశాడు. నెలల తరబడి అలవాటు తప్పిందేమో, నడుము కలుక్కుమంది. కమలాకరం గారు చెట్టు నీడలో నిలబడి ప్రశ్నలు వేశారు.

"ఇప్పుడు మిమ్మల్ని ఎవరైనా బలవంతపెడుతున్నారా?"

"మీరే గద మోయమన్నది సారూ."

"అంటే యజమాని బలవంతం లేదు." ఒక గుమాస్తా రాసుకున్నాడు. "గేటు దగ్గర కాపలా ఉందా?"

"లాలప్ప ఉంటడు. ఇయ్యాల మీకు భోజనం వడ్డియ్యనీకె పోయిండు."

"కాపలా లేదు," అని రాయించారు.

ఒంటిగంటకు జొన్నరొట్టె, వేరుశనగ పచ్చడి, వంకాయ కూర పెట్టారు. కమలాకరం గారు తృప్తిగా తిన్నారు. తిరిగి వెళ్ళేటప్పుడు మొగులప్పను కూడా జీపులో ఎక్కించుకున్నారు. నివేదికలో చివరి వాక్యం ఇది: "దరఖాస్తుదారుడు మాతోనే స్వేచ్ఛగా లోపలికి వచ్చి, మాతోనే స్వేచ్ఛగా బయటికి వెళ్ళినాడు."

ఇలా కార్యాలయం చుట్టూ తిరిగి తిరిగి మొగులప్ప చెప్పులు రెండు జతలు అరిగాయి. ముప్పై మూడోసారి వెళ్ళేసరికి వాయిదాకు ఇంకా ఇరవై రోజులు ఉంది. ఒకనాడు దూరం నుంచి ఇల్లు చూసి వద్దామని గని వైపు వెళ్ళాడు. పటేలు మనుషులు ఇంటి చుట్టూ సున్నంతో గీత గీసి పెట్టారు. ఎక్కడ తవ్వాలో గుర్తు. ఆ సాయంత్రం వసారాలో కూర్చుని అతను ఏడ్చాడు. పక్కన సుక్కమ్మ దీపం వెలిగించింది. గోడలో గూడు లేని ఇంట్లో దీపాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక ఏడాదిగా ఆమె దాన్ని ఒళ్ళోనే పెట్టుకుని కూర్చుంటోంది.

సరిగ్గా ఆ వారంలోనే వెట్టి నిర్మూలనకు పాతికేళ్ళు నిండాయి. రజతోత్సవం జరపాలని పైనుంచి సర్క్యులర్ దిగింది. మంత్రిగారు వస్తారు. జిల్లాలో శ్రమ ఎంత స్వేచ్ఛగా ఉందో లోకానికి చాటడానికి ఒక శ్రామికుడికి "స్వేచ్ఛా శ్రామిక రత్న" బిరుదు ఇచ్చి శాలువా కప్పి సన్మాన పత్రం సమర్పించాలి.

కమలాకరం గారికి ప్రాణం లేచి వచ్చింది. నూట పదిహేనో పత్రం! వెంటనే ఒక చిక్కు కూడా వచ్చింది. ఆ కార్యాలయంలో ఎవరికీ శ్రామికుడన్నవాడు ఒక్కడు కూడా తెలియదు. పాతికేళ్ళుగా ఎవరూ ఆ గుమ్మం తొక్కలేదు. అంతలో ముప్పై నాలుగోసారి మొగులప్ప తలుపులో కనబడ్డాడు.

"మీరే," అన్నారు కమలాకరం గారు లేచి నిలబడి. ఏడాదిలో మొగులప్పకు ఆయన కుర్చీ చూపించడం అదే మొదలు.

సంగతి విని మొగులప్ప చేతులు జోడించాడు. "నాకు శాలువ వద్దు సారూ. ఇల్లు గావాలె."

"అది పరిపాలన విభాగం. ఇది సాహిత్య సాంస్కృతిక విభాగం. రెండూ కలపరాదు."

సర్క్యులర్‌లో ఇంకొక షరతు ఉంది. అంతకుముందు సంవత్సరం పక్క శాఖలో ఒక ఇంజనీరును "అపర భగీరథుడు, ఏడు చెరువులు తవ్వించిన ధీరుడు" అని పొగిడితే, ఆడిట్ వాళ్ళు వచ్చి ఆ ఏడు చెరువులూ చూపించమన్నారు. అప్పటి నుంచి సన్మాన పత్రంలో అతిశయోక్తులు నిషేధం. ప్రతి వాక్యాన్నీ సన్మానితుడి యజమాని తన ఎదుట చదివించుకుని, నిజమని ధృవీకరించి సంతకం చెయ్యాలి. సూపరింటెండెంటు సంతకం చెయ్యాలి. ఆ పైన కార్యాలయం గుండ్రటి ముద్ర పడాలి.

కాబట్టి పటేలును పిలిచారు. మంత్రిగారి పక్కన నిలబడి ఫొటో, పత్రంలో "ప్రోత్సాహకులు" అని పేరు. పటేలు కొత్త ధోవతి కట్టుకుని గంట ముందే వచ్చాడు. మొగులప్పను, సుక్కమ్మను కూడా పిలిపించారు. సుక్కమ్మ గుమ్మం అవతలే నిలబడింది.

కమలాకరం గారు కళ్ళజోడు సర్దుకుని చిత్తుప్రతి చదవడం మొదలుపెట్టారు.

"ఓ శిలాశ్రమ తపస్వీ! ఇరువది రెండు వత్సరములు ఒక్క దినమైనను విశ్రాంతి నెరుగక..."

"అవునవును," అన్నాడు పటేలు. "సెలవన్న మాటే లేదు. పండుగకు గూడ పంపలే."

"పండుగ దినములందు సైతము," అని కలుపుకున్నారు కమలాకరం గారు. "ప్రతిఫలాపేక్ష లేశమైనను లేక..."

"అంటే?"

"అంటే జీతం లేకుండా అని."

"రాయుండ్రి రాయుండ్రి. పైస ముట్టలే. ఇయ్యాల రేపు గసుంటోళ్ళు దొరుకుతరా?"

"గని ప్రాంగణమును దాటి బాహ్య ప్రపంచమును కన్నెత్తి చూడక..."

"ఎట్ల జూస్తడు? గేటుకు లాలప్పను పెట్టిన గద." పటేలు ఒక్క క్షణం ఆలోచించాడు. "లాలప్ప పేరు గూడ ఎయ్యుండ్రి సార్. పాపం వాడు గూడ ఇరవై ఏండ్ల సంది ఎవ్వరిని దాటనియ్యలే."

లాలప్ప పేరు వేశారు. రెండు బస్తాల జొన్నలు వేశారు. "పితామహుని ఋణమును మూడు తరములు శిరమున దాల్చి" అన్న చోట పటేలు కళ్ళు చెమర్చాయి. తన కుటుంబం ఇంత గొప్పదని ఆయనకు అప్పటిదాకా ఎవరూ చెప్పలేదు.

మొగులప్ప చిన్నగా దగ్గాడు. "సారూ, ఇల్లు నేనే కట్టుకున్న. గదొక్కటి రాయరాదుండ్రి."

"రాయుండ్రి," అన్నాడు పటేలు ధారాళంగా. "మంచిగ కట్టిండు. పదేండ్లు కట్టిండు. గోడలల్ల గూడు గూడ పెట్టిండు."

కమలాకరం గారు ఆ వాక్యం కోసం కలాన్ని రెండుసార్లు విదిలించారు. "స్వహస్తములతో స్వగృహమును నిర్మించుకొని, సతీసమేతుడై అందే నివసించిన గృహస్థా!"

గుమ్మం అవతల నుంచి సుక్కమ్మ గొంతు వినిపించింది. "సారూ, గదంత ఇంకోసారి సదువుండ్రి."

తన కవిత్వాన్ని మళ్ళీ చదవమని ఆ కార్యాలయంలో ఇంతవరకు ఎవరూ అడగలేదు. కమలాకరం గారు సంతోషంగా మొదటి నుంచి చివరి దాకా, రాగం జోడించి చదివారు. సుక్కమ్మ ఒక్కొక్క వేలూ ముడుస్తూ విన్నది. అయ్యాక మొగులప్పను నీళ్ళ కుండ దగ్గరికి పిలిచింది.

"నువ్వు ముప్పై నాలుగు మాట్ల జెప్పింది ఇదే గద?" అంది చెవిలో. "నువ్వు మొర వెట్టుకుంటే ఒక్క ముక్క రాయలే. పొగుడుతున్నమనుకోని అంత రాసిండ్రు."

మొగులప్ప అలాగే నిలబడిపోయాడు. సంగతి లోపలికి దిగడానికి కాస్త సమయం పట్టింది. దిగాక నవ్వు పొంగుకొచ్చింది.

"నవ్వకు," అంది సుక్కమ్మ. "నోరు మూస్కోని మెడ వంచు. శాలువ గప్పనీ."

లోపలికి వచ్చి ఆమె ఒక్క షరతు మాత్రం పెట్టింది. గుండ్రటి ముద్ర పెద్దగా, కనబడేటట్టు వెయ్యాలి. ముద్ర లేకపోతే వాళ్ళ ఆయన సభకు రాడు. పల్లె మనుషులకు ముద్రలంటే ఎంత గౌరవమో అని కమలాకరం గారు మురిసిపోయి మూడు చోట్ల వేయించారు.

సభ ఘనంగా జరిగింది. మిట్టమధ్యాహ్నం ఎండలో మొగులప్పకు ఉన్ని శాలువా కప్పారు. కప్పినవాడు పటేలే. మంత్రిగారు చప్పట్లు కొట్టారు. కమలాకరం గారు మైకులో చదువుతుంటే "జీతం లేకుండా" అన్న అర్థం వచ్చే చోట మొదటి వరస, "గేటు దాటకుండా" అన్న చోట రెండో వరస, "మూడు తరములు" అన్న చోట సభంతా చప్పట్లు కొట్టింది. సన్మాన పత్రాన్ని వినడమే తప్ప అందులో ఏముందో పట్టించుకునే అలవాటు మన సభల్లో లేదు. పటేలు సంతకం చేశాడు. కమలాకరం గారు చేశారు. తన పేరు కూడా ఉందని తెలిసి లాలప్ప అడిగి మరీ వేలిముద్ర వేశాడు. గాజు చట్రం కట్టిన పత్రాన్ని చంకలో పెట్టుకుని, చెమటలు కక్కుతూ, మొగులప్ప సభ నుంచి నేరుగా నూర్జహాన్ ఇంటికి వెళ్ళాడు.

ఆమె గుమ్మంలోనే నిలబడి చదివింది. మొదటిసారి చదివి నవ్వింది. రెండోసారి చదివాక కళ్ళు తుడుచుకుంది.

వాయిదా రోజు కోర్టులో ఆ చట్రాన్ని బల్ల మీద పెట్టారు. పటేలు వకీలు లేచి, ఇది కవిత్వం కనుక సాక్ష్యంగా చెల్లదన్నాడు. మేజిస్ట్రేటు కమలాకరం గారిని పిలిపించారు.

"ఇది మీరు రాసిందేనా?"

"చిత్తం. నూట పదిహేనవది."

"ఇందులో ఉన్నవి వట్టి పొగడ్తలా?"

కమలాకరం గారి ముఖం ఎర్రబడింది. ఆయన్ను లంచగొండి అన్నా అంత బాధపడేవారు కాదు. "ఇందులో అతిశయోక్తి ఒక్కటి లేదు. నియమావళి ప్రకారం ప్రతి వాక్యం యజమానిగారి సమక్షంలో ధృవీకరింపబడినది."

"అయితే ఇతణ్ణి గేటు దాటనివ్వలేదు?"

"ఒక్క దినమైనా దాటనివ్వలేదు."

"జీతం?"

"ఇవ్వలేదు."

"ఎన్నేళ్ళు?"

"ఇరవై రెండు. తాత తండ్రులను కలుపుకుంటే అరవై దాటుతుంది," అన్నారు కమలాకరం గారు ఛాతీ విరిచి. అప్పుడు ఆయన చూపు పటేలు మీద పడింది. పటేలు తన సంతకం వైపు చూస్తున్నాడు. ఆ చూపు చూశాక సూపరింటెండెంటు గారు మెల్లగా నీళ్ళు నమలడం మొదలుపెట్టారు. కాని చెప్పవలసింది అప్పటికే చెప్పేశారు, గుమాస్తా రాసుకున్నాడు.

"ఈ కోర్టు ఇంత వివరమైన విముక్తి పత్రాన్ని ఇంతవరకు చూడలేదు," అన్నారు మేజిస్ట్రేటు. ఇల్లు మొగులప్పది అన్నారు. కోర్టు అమీనాను పంపి తాళంచెవి ఇప్పించమన్నారు. పటేలు మీద వేరే కేసు నమోదు చెయ్యమన్నారు. మొగులప్ప బోనులో నుంచి దిగి, ఎవరికి దణ్ణం పెట్టాలో తెలియక, చట్రానికి పెట్టాడు.

కార్యాలయానికి ఇది గట్టి దెబ్బే. అయినా అది లొంగలేదు. జిల్లాలో వెట్టి లేదన్న మాటను వెనక్కి తీసుకుంటే షీల్డు తిరిగి ఇచ్చెయ్యాలి. కోర్టు మాట కాదనకూడదు. బాగా ఆలోచించి సరిహద్దు బోర్డు కింద ఒక చిన్న వరస రాయించారు: "ఒక్కరు మినహా."

అంతటితో అయిపోయిందనుకున్నారు. మరుసటి సోమవారం కమలాకరం గారు కార్యాలయానికి వచ్చేసరికి మెట్ల మీద పందొమ్మిది మంది కూర్చుని ఉన్నారు. అందరూ పటేలు గనివాళ్ళే. ముందు లాలప్ప నిలబడి ఉన్నాడు. గేటు వదిలేసి, వాళ్ళను అతనే తీసుకొచ్చాడు. విముక్తి పత్రం కోసం వచ్చారేమో అని కమలాకరం గారు షీల్డు వైపు చెయ్యి ఎత్తబోయారు.

"పత్రం గిట్ల ఏం వద్దు సారూ," అన్నాడు లాలప్ప. "వీళ్ళకు గూడ జర సన్మానం జెయ్యుండ్రి. ఎవ్వరు సెలవు దీస్కోలే. నేనే సాక్ష్యం. నేను గూడ ఇరవై ఏండ్ల సంది ఇంటికి పోలే, నాకు గూడ జెయ్యుండ్రి."

సర్క్యులర్ తిరగేశారు. సన్మానాలు ఇంతమందికే అని అందులో ఎక్కడా లేదు. వద్దంటే కారణం రాయాలి. కమలాకరం గారు చాలాసేపు బీరువా వైపు చూశారు, తర్వాత గోడ మీది పత్రాల వైపు చూశారు. పాతికేళ్ళలో ఆయన రాసినవాటిలో వినడానికి కాకుండా దేనికైనా పనికొచ్చింది ఆ నూట పదిహేనోది ఒక్కటే. ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నారు. కలం మూత తీశారు.

"పేరు?" అన్నారు మొదటివాణ్ణి. "ఎన్నేళ్ళు? నిదానంగా చెప్పండి, అన్నీ రాద్దాం."

బోర్డు రాసే పెయింటరుకు ఆ నెలంతా పని దొరికింది.

ఇంటి తలుపు తీసిన రోజు సుక్కమ్మ అన్నిటికన్నా ముందు గూట్లో దీపం పెట్టింది. పగలే. తర్వాత మొగులప్ప సున్నపు గీతను కాలితో చెరిపాడు. మర్నాడు పటేలు మనిషి ఒకడు వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. ఇల్లు కోర్టు ఇచ్చింది సరే, ఇత్తడి తాళం పటేలుది కనుక ఇచ్చెయ్యమని అడిగాడు.

"పటేలుదే అని కాయితముందా?" అని అడిగింది సుక్కమ్మ. "దరఖాస్తు పెట్టుకోమను. మూడు నకళ్ళు. ఏడాది తిరగమను."

వాడు వెళ్ళిపోయాక ఇద్దరూ బయలుదేరారు. తల్లిని పూడ్చిన చోట ఒక బండ నిలపాలని మొగులప్పకు ఏడాదిగా మనసులో ఉంది. ఇల్లు కట్టగా మిగిలిన ముక్కల్లో నున్నటిది ఒకటి ఏరి భుజాన పెట్టుకున్నాడు. సుక్కమ్మ తలుపు మూసి పటేలు తాళం వేసింది. తాళంచెవి మొగులప్ప మొలతాడుకు కట్టింది.

గేటు తెరిచే ఉంది. పక్కన లాలప్ప కూర్చుని తన సన్మాన పత్రాన్ని పైపంచెతో తుడుచుకుంటున్నాడు. వీళ్ళను చూసి, ఇరవై ఏళ్ళ అలవాటు కొద్దీ, నోరు జారి అడిగేశాడు.

"యాడికి?"

"అమ్మ కాడికి," అన్నాడు మొగులప్ప.

"ఎప్పుడొస్తవ్?"

మొగులప్ప ఆగాడు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పాల్సిన పని లేదని గుర్తొచ్చి, బండ ఈ భుజం మీంచి ఆ భుజం మీదికి మార్చుకుని, గేటు దాటాడు.